వీధిలో బాస్కెట్‌బాల్ పెడుతున్న మేనల్లుడికి

అల్లుడూ,

కాలేజీ స్నేహితులంతా కలిసి సంక్రాంతి సెలవుల్లో మన వీధిలో బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ పెడుతున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ప్రాణం లేచొచ్చినట్టుంది. ముప్పై ఏళ్లు పిల్లల్ని ఆడించినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నాను.

ముందు తేదీ మార్చండి. కనుమ రోజున ఎంత మంచి ఆట పెట్టినా మన కోనసీమలో చూసేవాళ్లుండరు. ఊరు ఊరంతా ప్రభల తీర్థంలో ఉంటుంది. భోగికి ముందు రెండు రోజులు పెట్టుకోండి. బయట ఊళ్ల నుంచి పిల్లలు అప్పటికే దిగిపోతారు, పండగ పనులు ఇంకా మీద పడవు. పొద్దున్నే మాత్రం మొదలుపెట్టకండి. జనవరి మంచుకి సిమెంటు రోడ్డు ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా తడిగానే ఉంటుంది. అరిచేత్తో రాసి చూసి, పొడిగా ఉంటేనే బంతి ఇవ్వండి.

జట్టుకి ముగ్గురేసి ఆడే ఆటకి సగం కోర్టు, ఒక్క రింగ్ చాలు. లెక్క ప్రకారం 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు ఉండాలి. 15 మీటర్లంటే దాదాపు 50 అడుగులు. మన వీధి ముప్పై దాటదు. పక్కన గీతలు లోపలికి జరుపుకుని ఆడొచ్చు గానీ, పక్కనే మురుగు కాల్వ ఉంది, దాని మీద బల్లలు వేయకుండా ఒక్క మ్యాచ్ కూడా ఆడించొద్దు. నన్నడిగితే డ్రయర్లు వచ్చాక ఖాళీగా పడున్న రైస్ మిల్లు కళ్లం దొరుకుతుందేమో అడగండి. గచ్చు నున్నగా ఉంటుంది, జనం చుట్టూ నిలబడొచ్చు. వీధిలోనే పెట్టాలని మీకు పట్టుదల ఉంటే కాదనను. వీధిలో ఆడితే అరుగు మీద కూర్చున్న ముసలమ్మ కూడా చూస్తుంది, ఆ అందం వేరు.

ఇప్పుడు అసలు సంగతి, స్తంభం. ఇది రెండుసార్లు చదువు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రోడ్డు పక్కన గొయ్యి తీసి ఇనప పైపు పాతించాను. అంతకు నాలుగు రోజుల ముందు వాన పడింది. మన నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, పాతిన దాన్ని పట్టుకుని ఉండదు. పొద్దున నిటారుగా ఉన్న పైపు సాయంత్రానికి వేలెడంత వాలింది. నేను చూశాను, ఇంకొక్క మ్యాచే కదా అనుకున్నాను. ఒక కుర్రాడు రింగ్ పట్టుకుని వేలాడేసరికి బోర్డుతో సహా వాడి భుజం మీద పడింది. ఎముక విరిగింది. వాడి అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆవిడ ముఖం మాత్రం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకని గొయ్యి తీయొద్దు. స్తంభం కిందకి వెడల్పాటి ఇనప చట్రం వెల్డింగ్ చేయించి, దాని వెనక భాగంలో రెండు పెద్ద డ్రమ్ములు కట్టండి. రెండొందల లీటర్ల డ్రమ్ము నిండా ఇసుక పోస్తే మూడొందల కిలోలకి తగ్గదు. స్తంభం కోర్టు చివరి గీత వెనకే ఉండాలి, బోర్డు మాత్రం లోపలికి రావాలి. ఆటగాడు గుద్దుకునే ఎత్తు దాకా పాత పరుపు చుట్టండి. రింగ్ నేల నుంచి 3.05 మీటర్లు, అంటే పది అడుగులు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి టేపు పెట్టి కొలవండి. పైన కరెంటు తీగలుంటే లైన్‌మ్యాన్‌కి చూపించాకే చోటు ఖాయం చేసుకోండి.

గీతలు ముగ్గుతో వేద్దామనుకుంటారు. వద్దు, పొడి ముగ్గు మీద బూటు జారుతుంది. డిస్టెంపర్ నీళ్లలో కలిపి కుంచెతో గీయండి. రింగ్ నడిమధ్య కింద నేల మీద చుక్క పెట్టి, ఒకరు పురికొస అక్కడ నొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు 6.75 మీటర్ల దగ్గర సుద్దముక్క కట్టుకుని చుట్టూ నడిస్తే ఆర్క్, అంటే రింగ్ చుట్టూ ఉండే వంపు గీత, దానంతటదే వస్తుంది. పురికొస సాగుతుంది, కాబట్టి లాగి పట్టుకున్నాకే కొలవండి. వీధి ఇరుకైతే ఆర్క్ పక్కల తెగిపోతుంది, ఫరవాలేదు.

ఆ ఆర్క్ లోపల నుంచి బంతి రింగ్‌లో వేస్తే 1 పాయింటు, బయట నుంచి వేస్తే 2. పది నిమిషాలు, లేదా ముందు 21 కొట్టినవాళ్లు గెలిచినట్టు. పన్నెండు సెకన్లలో బంతి వేయాలి. దానికి గడియారం కొనక్కర్లేదు, ఒక కుర్రాడు ఫోన్ చూస్తూ చివరి ఐదూ గట్టిగా లెక్కపెడితే సరిపోతుంది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఆడించిన ఆటే ఇది, వీధి వాళ్లకి ఆ మాట మైకులో చెప్పండి.

పదహారు జట్లతో నాకౌట్ పెడితే 15 మ్యాచ్‌లు, ఎనిమిది జట్లు ఒక్క ఆటతో ఇంటికి పోతాయి. పన్నెండు జట్లని మూడేసి చొప్పున నాలుగు గ్రూపులు చేసి, గెలిచిన నాలుగింటికి సెమీస్, ఫైనల్ పెట్టినా 15 మ్యాచ్‌లే. అప్పుడు ప్రతి జట్టూ రెండుసార్లు ఆడుతుంది. పక్క ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లాడు పది నిమిషాలకే తిరుగు బస్సెక్కడం నాకు ఇష్టం లేదు. మ్యాచ్‌కి పాతిక నిమిషాలు వేసుకుంటే ఆరుంబావు గంటలు. అమ్మాయిల మ్యాచ్‌లు పొద్దున్నే ఎవరూ లేనప్పుడు తోసేయకండి, ఫైనల్‌కి ముందు, జనం నిండుగా ఉన్నప్పుడు పెట్టండి.

పంచాయతీకీ, పోలీస్ స్టేషన్‌కీ కాగితం ఇస్తారు సరే. అంతకంటే ముందు వీధిలో ప్రతి గడపకీ మీరే వెళ్లండి. మంచంలో ఉన్న పెద్దవాళ్లెవరు, ఎవరి ఆటో ఎన్నింటికి బయటికి తీయాలి, అన్నీ రాసుకోండి. మైకు ఆ ఇళ్ల వైపు తిప్పొద్దు. అంబులెన్స్ వస్తే జనాన్ని పక్కకి జరపడానికి ఇద్దరిని చెప్పి పెట్టండి. పండగ రోజులు కాబట్టి పందేలు కాసేవాళ్లు వస్తారు. చేతిలో నోట్లు కనపడగానే ఆట ఆపేయండి, ఎంత పెద్దమనిషైనా సరే.

నేను ముందు రోజు మధ్యాహ్నం బస్సుకి వస్తాను. విజిల్, టేపు తెస్తున్నాను. ఇసుక ముందే దింపించి ఉంచు. నేనొచ్చి డ్రమ్ములు చూసేదాకా రింగ్ బిగించకండి.

మీ మామయ్య