ఇద్దరూ అమెరికానే పోయిన్రు, మాటలెందుకు కలుస్తలేవు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె, పత్తి పెడ్తం. మా వాడు, మా అక్క కొడుకు ఇద్దరూ టెక్సాస్‌ల ఎంఎస్ చేస్తున్నరు. మా వాడు ఖర్చులకని కాలేజీ క్యాంటీన్‌ల ప్లేట్లు కడుగుతడు, అక్క కొడుక్కేమో మా బావ ప్లాటు అమ్మి మొత్తం పైసలు పంపిండు. ఇప్పుడు మా వాడు ఫోన్ చేస్తే చాలు, ఆడోళ్లకు కూలి తక్కువెందుకు ఇస్తవ్ నాన్నా, బాసాన్లు తోమే ఆమెకు చాయ్ గ్లాసు వేరే ఎందుకు అని నిలదీస్తుండు. అక్క కొడుకేమో పేదోళ్లంతా సోమరులు, ఫ్రీ బస్సు దండుగ అంటుండు. మా వాణ్ని ఎవరన్నా చెడగొడ్తున్నరా సార్?
- ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: ఎవరూ చెడగొడ్తలేరు, పరేషాన్ కాకండి. టెక్సాస్‌ల చట్టం చెప్పే కనీస కూలి గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి పైసా పెరగలే, స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పని, మన రూపాయల్లకు మార్చి చూస్తే మస్తు అనిపిస్తది గని ఆడి కిరాయి కూడా డాలర్లల్లనే కదా. అసొంటి కూలితోనే సంసారం ఎల్లదీసే పెద్దామె పక్కన నిలబడి ప్లేట్లు కడుగుతుంటే, కష్టపడితే పైకొస్తరన్న మాట వానికి ఎట్ల మింగుడు పడ్తది?

మీ అక్క కొడుకు చుట్టూ మాత్రం సాఫ్ట్‌వేర్ కొలువు దొరికినోళ్లు, మన తెలుగు రూమ్మేట్లే ఉంటరు. ఆ ప్లాటు రేటు పెరగడంల వాని కష్టమెంతో అడగండి, నవ్వుకుంటనే అడగండి. చదువు లోను ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగ ఆస్తి తాకట్టు అడుగుతయ్, అంటే భూమి ఉన్నోని కొడుక్కే తొవ్వ సులువు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు సర్కారు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తే దాన్నేమో ఫ్రీ అంటరు, నాయిన అమ్మిన ప్లాటు మాత్రం ఫ్రీ కాదు!

గ్లాసు సంగతిల మీ వాని మాటే కరెక్ట్, రేపట్నుంచే మార్చండి, దానికి పైస ఖర్చు లేదు. కూలి సంగతి జర కష్టం. ఒకే పనికి ఆడ మగ ఒకే కూలి అని 1976లనే చట్టమొచ్చింది, అయినా ఊర్ల నడిచే రేటు వేరే, మీరొక్కరే పెంచితే పక్క రైతు కొట్లాటకొస్తడు, పత్తి రేటు పడ్డ ఏడు మీకే గిట్టదు. విత్తనం, మందులు, కూలి, మార్కెట్ల వచ్చిన పైసలు, ఈ లెక్కంతా కాగితం మీద రాసి ఫోటో తీసి వానికి వాట్సాప్ చెయ్యండి, ఎంత పెంచొచ్చో వాణ్నే చెప్పమనండి.