ప్రోనోటు కేసులో కంతులు కావాలంటే డిక్రీకి ముందే అడగండి

తిరుపతిలో బట్టల షాపులో పని, నెలకు 16,000 జీతం, 60,000 ప్రోనోటు బాకీ మీద సమన్లు వచ్చాయి, కోర్టు కంతులు ఇస్తుందా అని అడిగారు. ఇస్తుంది. ఎప్పుడు అడుగుతారన్నదే అసలు సంగతి.

డిక్రీ (బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు) ఇచ్చేటప్పుడైతే, తగిన కారణం చూపిస్తే, అవతలివాళ్లు ఒప్పుకోకపోయినా జడ్జిగారు కంతులు వేయొచ్చు (సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 20 రూల్ 11). డిక్రీ అయ్యాక వాళ్ల సమ్మతి తప్పనిసరి, దరఖాస్తు కూడా 30 రోజుల్లోపే పడాలి. కాబట్టి "బాకీ నిజమే కదా, పోయి ఏం చెప్పాల" అని ఇంట్లో కూర్చోవద్దు. ఎక్స్‌పార్టీ అయితే, అంటే మీరు రాకుండానే కేసు తేలిపోతే, ఈ అవకాశం పోతుంది. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయించండి. ఎంతవరకు బాకీ ఒప్పుకుంటున్నారో, నెలకు ఎంత కట్టగలరో అంకెల్లో ఉండాలి. జీతం కాగితం, అద్దె రసీదులు జతచేయండి. ఉత్తినే కష్టాల్లో ఉన్నానంటే ఎవరూ వినరు. ఇదివరకు కట్టినదానికి నోటు వెనక చెల్లు వేయించారా? లేకుంటే ఫోన్‌పే, బ్యాంకు లెక్కలు తీసిపెట్టుకోండి.

అవతలివాళ్లు మాటకొస్తే లోక్ అదాలత్ మేలు. అక్కడ వడ్డీ తగ్గించమని కూడా బేరమాడొచ్చు. రాజీ అయితే వాళ్లకు కోర్టు ఫీజు వాపసు వస్తుంది, ఆ మాట గుర్తుచేయండి. దావా ఇంకా పడనివాళ్లు ప్రీ లిటిగేషన్ కేసుగా తిరుపతి కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవాధికార కమిటీకి అర్జీ ఇవ్వొచ్చు, ఫీజు ఉండదు. వివరాలకు న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100.

లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ రాసుకున్న రాజీ తీర్పు, డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. సంతకానికి ముందు షరతులు నిదానంగా చదవండి. ఒక్క కంతు తప్పినా మొత్తం వడ్డీతో కట్టాలని రాస్తారు. వరుసగా రెండు తప్పితేనే అని మార్పించండి. గడువు తేదీ జీతం పడ్డాక, 10వ తారీకు తర్వాత పెట్టించుకోండి.

డిక్రీ తర్వాత చేతికి నగదు ఇవ్వొద్దు. కోర్టు బయట కట్టింది 30 రోజుల్లో కోర్టులో నమోదు చేయించకపోతే, రేపు ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేసినప్పుడు లెక్కలోకి రాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

జీతం జప్తు భయం కూడా ఉన్నట్టుంది. మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోరు. మీ 16,000లో 11,000 మీకే ఉంటుంది, నెలకు 5,000 వరకే పట్టగలరు. కూలీల కూలి డబ్బులైతే అసలు జప్తు చేయకూడదు.