ఆ నేల ఎవరిదో ముందు రాయి

అమ్మాయ్,

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు మొన్న శుక్రవారం అందాయి. రెండుసార్లు చదివాను. మీ తాతగారి పెదనాన్న విశాఖ జిల్లా నుంచి గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం రాసి, దక్షిణాఫ్రికా వెళ్లి తిరిగి రాలేదన్న ఒక్క మాట పట్టుకుని ఇంతదూరం వచ్చావు. చాలా సంతోషం వేసింది. ఓడ అధ్యాయం బాగుంది, కానీ పొడుగు. తుఫాను సగానికి సగం తీసెయ్. అది కాదు నేను రాయాలనుకున్నది.

మూడో అధ్యాయం చివర అతను డర్బన్ దగ్గర చెరకు తోటలో నిలబడి, "ఈ ఖాళీ నేలని మన చేతులే దేశంగా చేశాయి" అనుకుంటాడు. ఆ నేల ఖాళీగా లేదమ్మా.

డర్బన్ ఉన్న ప్రాంతం నటాల్. దాన్ని ఇంగ్లీషువాళ్లు 1843లో కలిపేసుకున్నారు. 1849 నుంచి రెండు మూడేళ్లలో బ్రిటన్ నుంచి దాదాపు 5,000 మంది వలస వచ్చి పొలాలు తీసుకున్నారు. పత్తి వేశారు, పండలేదు. చెరకు వేశారు, పండింది. కానీ కోసేదెవరు? చుట్టూ ఆ నేల మీది నల్లవాళ్లు, జులూలున్నారు. వాళ్లకి ఆవులున్నాయి, మొక్కజొన్న చేలున్నాయి. తమకు మిగిలిన భూమిలో తమ బతుకేదో తాము బతుకుతున్నవాళ్లు, తెల్లదొర తోటలో ఏళ్ల తరబడి తక్కువ కూలికి ఎందుకు పడి ఉంటారు? అందుకని దొరలు ఇండియా వైపు చూశారు. 1859లో చట్టం చేయించుకున్నారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది. 1911లో ఆపేసేలోగా 1,52,000 మందికి పైగా వెళ్లారు. అందులో మూడింట రెండొంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే.

అంటే జులూవాడు రానన్నాడు కాబట్టి మీవాడికి పిలుపొచ్చింది. మీవాడు వచ్చాడు కాబట్టి జులూవాడి "రాను" అన్న మాటకి విలువ పోయింది. ఇది అతనికి తెలియక్కర్లేదు. చదువు లేని మనిషి, ఆకలికి ఓడెక్కాడు. కానీ నీ నవలకి తెలిసి ఉండాలి. అతను చెరకు నాటే చోట పాత పశువుల దొడ్డి రాళ్లు పలుగుకి తగలనీ. ఆ రాళ్లు ఏమిటో అతను అడగకపోయినా పర్లేదు, పాఠకుడు అడుగుతాడు.

ఇది నాకు ఊరికే తెలిసింది కాదు. నేను మొదట్లో రంగూన్ వెళ్లినవాళ్ల మీద ఒక కథ రాశాను. మంచి పేరే వచ్చింది. బర్మా నుంచి నడిచి వచ్చిన ఒక పెద్దాయన అది చదివించుకుని విని, "బాబూ, ఆ ఊళ్లో బర్మావాళ్లు ఎవరూ లేరా?" అన్నాడు. కథంతా వెతికాను. ఒక్కరు కూడా నోరు విప్పి మాట్లాడలేదు. ఆ కథని మళ్లీ నా సంపుటాల్లో వేసుకోలేదు.

ఇక మిల్లు. దాన్ని నువ్వు "పెద్ద పెద్ద యంత్రాలు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడే ఆగాలి నువ్వు. అనకాపల్లి చుట్టుపక్కల పుట్టినవాడు బెల్లం వండడం చూసి ఉంటాడు కదా. ఎద్దులు గానుగ తిప్పుతుంటాయి. పెనం కింద ఎండు పిప్పి ఎగదోస్తుంటారు. రసంలో సున్నం వేసి మడ్డి తీస్తారు. వండే మనిషి ఆ పొగలో కళ్లు చికిలించి, కాస్త పాకం చన్నీళ్లలో వేసి, రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి "దించండి" అంటాడు. ఊరంతా ఆ వేళ్లని నమ్ముతుంది. అలాంటి చోటు నుంచి వెళ్లినవాడు ఆవిరి మిల్లులో చెరకు మోపులు అందిస్తూ నిలబడ్డాడు. పాకం చూసే పని వేరేవాళ్లది. బండ రోలర్లు ఆగవు. సీజనులో రాత్రిళ్లు కూడా తిరుగుతాయి. తోట దాటి పోవాలంటే చీటీ కావాలి. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసే దొరలుండేవాళ్లు. పరిశ్రమ అనే మాట ఎక్కడా వాడకుండా, ఆ వేళ్లకి పని లేకుండా పోవడం ఒక్కటి రాయి చాలు.

తర్వాత పన్ను. నాలుగో అధ్యాయం మొత్తం దీని మీదే నడిపినా తప్పులేదు. గిర్మిట్ అయిదేళ్లు. మొదటి ఏడు నెలకి 10 షిల్లింగులు, ఏటేటా ఒక షిల్లింగు పెంచుతారు. అయిదో ఏట 14. గడువు తీరాక ఏదో కాస్త కూరగాయల మడి వేసుకుని బతుకుదామంటే, 1895 చట్టంతో ఏడాదికి 3 పౌండ్ల తలపన్ను వచ్చింది. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, నాలుగు నెలల జీతానికి పైనే. కట్టాలి, లేదా మళ్లీ గిర్మిట్ రాయాలి, లేదా ఓడెక్కి పోవాలి. జులూలకి అప్పటికే గుడిసె పన్ను ఉంది. పైగా 1905లో మనిషికి 1 పౌండు తలపన్ను వేస్తే మరుసటి ఏడు బంబాతా నాయకత్వంలో తిరగబడ్డారు. మనిషిని పనిలోకి తోలడానికి అక్కడ కొరడా కంటే పన్ను రసీదే ఎక్కువ పనికొచ్చింది. రెండు జాతులకీ చెరో రసీదు.

మీవాడు జోహన్నెస్‌బర్గ్ ఎప్పుడూ చూడలేదన్నావు. చూడక్కర్లేదు, ఆ ఊరే అతని దగ్గరికి వస్తుంది. 1886లో అక్కడ బంగారం పడింది. ఖనిజం నాసిరకం, లోతు ఎక్కువ. బంగారం ధర పెంచడం గనుల యజమానుల చేతిలో లేదు, కాబట్టి కూలి ఒక్కటే తగ్గించగలరు. 1895లో డర్బన్ రైలు అక్కడికి చేరింది. ఉత్తర నటాల్‌లో బొగ్గు గనులు లేచాయి. మనవాళ్లు చెరకు తోటల నుంచి రైలు పట్టాల మీదికీ, బొగ్గు గనుల్లోకీ దిగారు. అక్కడి డచ్చి సంతతివాళ్లయిన బోయర్లకీ ఇంగ్లీషువాళ్లకీ యుద్ధం అయ్యాక 1910 మే 31న నాలుగు కాలనీలు కలిపి దక్షిణాఫ్రికా యూనియన్ అన్నారు. పార్లమెంటులో కూర్చోవడానికి తెల్లవాళ్లే అర్హులు. 1913 భూమి చట్టం నల్లవాళ్లకి దేశంలో దాదాపు 7 శాతం భూమి వదిలింది. చెరకు తోట కోసం మొదలైన లెక్క, అంటే భూమి నాకు, కష్టం నీకు అన్న లెక్క, గనుల చేతిలో పడి ఒక దేశపు చట్టమైపోయింది. నా మటుకు నేను ఆ దేశం పుట్టుకని ఇలాగే చదువుకున్నాను. నువ్వు వేరేలా చదివితే నాతో పోట్లాడు. కానీ ఈ తేదీలన్నీ నవల్లో కూరకు. నీ బల్ల మీద ఉంటే చాలు.

1913 సమ్మె దగ్గర గాంధీగారిని తెచ్చి పెట్టావు. ఆయన్ని దూరంగానే ఉంచు తల్లీ. న్యూకాజిల్ బొగ్గు గనుల్లో మొదలైన సమ్మె తీరం వెంట తోటలకి పాకింది. మీవాడికి ఆ కబురు ఎవరి నోట వచ్చింది? కొట్టేసిన చెరకు ఎండలో పడి రసం పులిసిపోతుంటే చూస్తూ కూర్చోవడం రైతు బిడ్డకి ఎలా ఉంటుంది? అది రాయి. మరుసటి ఏడు 3 పౌండ్ల పన్ను ఎత్తేశారన్నది ఒక్క వాక్యం చాలు.

మాటల సంగతి ఒకటి. నీ జులూ పాత్ర గ్రాంథికం మాట్లాడుతోంది, మీవాడు పుస్తకాల తెలుగు మాట్లాడుతున్నాడు. వద్దు. మీవాడిది విశాఖ యాస కావాలి. వాళ్లిద్దరి మధ్యా జులూ మాటల్లో ఇంగ్లీషు, డచ్చి కలిసిన ఫనగలో అనే పని భాష నడిచేది. అందులో "ఇది తే, అది ఎత్తు" అనడం తేలికే. "మీ అమ్మకి ఎలా ఉంది" అని అడగడం కష్టం. మీవాడు ఏదో ఒక రోజు ఆ ప్రశ్న అడగడానికి అవస్థ పడాలి.

ఓడ రిజిస్టరు నకలు దొరికిందని రాశావు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద మచ్చలు. పేరు తప్పు స్పెల్లింగుతో ఉందని ఎందుకంత బాధ? దిద్దకు. నవల్లో దొరలు పిలిచేటప్పుడు ఆ తప్పు పేరే వాడు, ఇంట్లో పిలిచేటప్పుడు అసలు పేరు.

మూడో అధ్యాయం తిరగరాసి పండక్కి తీసుకురా. అప్పటికి మా ఊళ్లో గానుగలు ఆడుతుంటాయి. ఎద్దులు లేవులే, మోటారే. కానీ పెనం, పొయ్యి అవే. తెల్లవారుజామున అయిదింటికి మొదటి పెనం దించుతారు. ఒక పాత చీర కట్టుకురా, పొగ వాసన వదలదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు