నదికి అటు ఆయన, ఇటు నువ్వు

బుజ్జీ,

మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "పెళ్లయి ఏడు నెలలు కూడా కాలేదు, కెనడా నుంచి అమెరికాలో ఉన్న మొగుణ్ణి చూడ్డానికి వెళ్తుంటే బోర్డర్ దగ్గర దొంగని పట్టుకున్నట్టు రెండున్నర గంటలు కూర్చోబెట్టి వెనక్కి పంపేశారట అక్కా" అని. నిన్నడిగితే "ఏం లేదు పెద్దమ్మా, మళ్లీ చూద్దాంలే" అని మాట దాటేశావు. ఇరవై ఏళ్ల కిందట అలాంటి కుర్చీలోనే నేనూ కూర్చున్నాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు. అబ్బాయికి, అదే మీ ఆయనకి, కూడా చూపించు, చివర్లో కొంత అతని కోసం ఉంది.

మీ పెళ్లి నిజమైనదేనని రుజువు చెయ్యడానికి ఆల్బమ్ మొత్తం స్కాన్ చేయిస్తున్నావట. ఆపెయ్. మీ పెళ్లి మీద ఆఫీసర్‌కి అనుమానమేమీ లేదు. పెళ్లి ఉండబట్టే అనుమానం. మొగుడు అటున్నాడు, పెళ్లాం పెట్టెతో వచ్చింది, ఇక తిరిగి ఎందుకు పోతుంది అన్నదే అతని లెక్క. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లంతా ఉండిపోవడానికే వస్తున్నారని అమెరికా చట్టం ముందే అనుకుంటుంది. కాదని చూపించుకోవాల్సింది మనమే. వీసా ఉంటే గేటు దాకా వెళ్లొచ్చు, అంతే. లోపలికి పంపాలా వద్దా అన్నది ఆ పూట బూత్‌లో కూర్చున్న మనిషి చేతిలో ఉంటుంది. కాబట్టి నువ్వు చూపించాల్సింది అతని మీద నీకున్న ప్రేమ కాదు, కెనడాలో, ఆ వాటర్లూలో నీకున్న ఇల్లూ ఉద్యోగమూ.

నా సంగతి మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు. 2004లో మీ పెదనాన్న హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలో డెట్రాయిట్ పక్కన, నేను పీఆర్ (శాశ్వత నివాస హక్కు) మీద కెనడా వైపు విండ్సర్‌లో, నర్సు రిజిస్ట్రేషన్ పరీక్షకి చదువుకుంటూ. మధ్యలో ఒక నది. (ఇక్కడ మ్యాప్ తలకిందులుగా ఉంటుంది తెలుసా, కెనడా దక్షిణాన, అమెరికా ఉత్తరాన. కొత్తలో నాకు ఎప్పుడూ తికమకే.) ఒక శుక్రవారం సాయంత్రం బయల్దేరాను. కారు డిక్కీలో రెండు పెట్టెలు, ఐదు లీటర్ల కుక్కర్, ఇస్త్రీ పెట్టె, మీ అమ్మమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా, పక్కన ఒక నీలం రంగు ఫైలు.

బూత్‌లో ఆఫీసర్ ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు. మా ఆయన దగ్గరికి అన్నాను. అక్కడ ఏం చేస్తావంటే "ఐ లివ్ విత్ మై హస్బెండ్" అన్నాను. మన 'ఉంటాను'లో రెండు రోజులూ ఇముడుతాయి, నూరేళ్లూ ఇముడుతాయి. నేను రెండు రోజులు మనసులో పెట్టుకుని అన్నాను, అతనికి నూరేళ్లు వినిపించాయి. కారు పక్కకి పెట్టించి డిక్కీ తెరిచారు. కుక్కర్ చూసి నవ్వారు కానీ ఫైలు చూసి నవ్వలేదు. అందులో నా నర్సింగ్ డిగ్రీ, పదో తరగతి మార్కుల మెమో, టీసీ, అన్నీ ఒరిజినల్సే. మీ పెదనాన్న ఆఫీసులో జిరాక్స్ ఊరికే వస్తుందని పట్టుకెళ్తున్నాను, నిజంగా అంతే. కానీ నువ్వే చెప్పు, శని ఆదివారాలు గడిపి వచ్చే మనిషి పదో తరగతి మెమో ఎందుకు మోసుకెళ్తుంది? వీసా మీద క్యాన్సిల్ ముద్ర వేసి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని కారు వెనక్కి తిప్పించారు. అవతల మీ పెదనాన్న ఒక డోనట్ షాపు పార్కింగ్‌లో రాత్రి పదకొండింటి దాకా నిలబడ్డారు. చాలాకాలం ఆ ఆఫీసర్‌ని తిట్టుకున్నాను. తర్వాత అర్థమైంది, అతని కుర్చీలో నేనున్నా అదే చేసేదాన్ని.

ఇప్పుడు నీ విషయం. నీ చేతికిచ్చిన కాగితం ముందు సరిగ్గా చదువు. అడ్మిషన్ (దేశంలోకి ప్రవేశం) కోసం పెట్టుకున్న దరఖాస్తుని నువ్వే వెనక్కి తీసుకున్నట్టు ఉందా, లేక ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ (అక్కడికక్కడే పంపించేసే ఉత్తర్వు) అని ఉందా? మొదటిదైతే నిషేధం ఏమీ లేదు, నాకు జరిగింది అదే. రెండోదైతే మామూలుగా అయిదేళ్ల నిషేధం. అప్పుడు ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టి మంచి ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్లు. వాట్సాప్ గ్రూపుల్లో అడగొద్దు, నన్ను కూడా అడగొద్దు. ఏదైనా సరే, ఇకమీదట ఏ వీసా ఫారంలోనైనా "ఎప్పుడైనా ప్రవేశం నిరాకరించారా" అన్నచోట అవుననే రాయాలి. నీ గురించి కెనడాకి తెలిసింది అమెరికాకి తెలియదులే అనుకోకు. దాచిపెట్టి దొరికితే అమెరికాలో జీవితాంతం తలుపు మూసుకుపోవచ్చు, కెనడాలోనైతే అయిదేళ్లు. తిప్పి పంపితే ఒక శుక్రవారం పోతుంది, అబద్ధంతో బతుకే ఇరుక్కుంటుంది.

అసలు నువ్వు విజిటర్ వీసా పట్టుకుని ఎందుకు తిరుగుతున్నావో నాకు అర్థం కావడం లేదు. అబ్బాయి హెచ్-1బీలో ఉన్నాడు కదా, హెచ్-4 తీసుకో, అది హెచ్-1బీ వాళ్ల భార్యాభర్తలకి ఇచ్చే వీసా. విజిటర్ వీసాతో వెళ్తే మొగుడే నీకు అడ్డం. హెచ్-4తో వెళ్తే మొగుడే నీ అర్హత, అక్కడ అతనితో ఉండటానికే ఆ వీసా ఇస్తారు. హెచ్-1బీ వాళ్లకి, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకి మున్ముందు స్థిరపడే ఆలోచన ఉన్నా చట్టం తప్పు పట్టదు. నువ్వు కెనడాలో ఉంటున్నావు కాబట్టి ఇక్కడి కాన్సులేట్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2025 సెప్టెంబర్ నుంచి ఉంటున్న దేశంలో గానీ సొంత దేశంలో గానీ స్టాంపింగ్ (పాస్‌పోర్ట్‌లో వీసా వేయించుకోవడం) చేయించుకోమంటున్నారు, ఆ లెక్కన నీకు ఇబ్బంది లేదు. 2004లో ఈ ముక్క నాకు చెప్పినవాళ్లు లేరు. "విజిటర్ అయితే తొందరగా వస్తుంది" అని చెప్పినవాళ్లు మాత్రం పదిమంది ఉన్నారు.

హెచ్-4 వచ్చిందని కెనడా వదిలేసి కూర్చోకు. అయిదేళ్లలో 730 రోజులు ఇక్కడ ఉంటేనే నీ పీఆర్ నిలబడుతుంది. అటు హెచ్-4 మీద ఉద్యోగం చెయ్యాలంటే మామూలుగా అబ్బాయికి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 ఆమోదమై, నీకు విడిగా అనుమతి కార్డు రావాలి. అందుకని అబ్బాయి ఉండే ట్రాయ్ వెళ్లేటప్పుడు ఆఫీసు లాప్‌టాప్ ఇంట్లోనే వదిలెయ్. "సోమవారం అక్కణ్ణించే లాగిన్ అవుతాను" అన్న మాట బూత్ దగ్గర నోట్లోంచి వచ్చిందా, అయిపోయింది. ఫోన్ కూడా అడిగి చూసే అధికారం వాళ్లకి ఉంది. చెరిపెయ్యమని చెప్పను, చెరిపితే ఇంకా అనుమానం. మనసులో లేనిది చాట్‌లో సరదాకి రాయకు, అంతే. "ఇక వచ్చేస్తున్నా, నాకు జాబ్ చూడు" లాంటివి.

హెచ్-4 చేతికొచ్చేదాకా విజిటర్ వీసా మీద వెళ్లక తప్పదంటే, ముందు అది క్యాన్సిల్ చెయ్యలేదని చూసుకో. ఇంటి అద్దె కాగితం, కంపెనీ ఇచ్చిన ఉద్యోగ లేఖ, సెలవు ఆమోదించిన మెయిల్, ఈమధ్య రెండు మూడు పే స్లిప్పులు ఒక పల్చటి ఫోల్డర్‌లో పెట్టుకో. అడిగితేనే తియ్యి, వాళ్లు అడగకుండా నువ్వే చేతికిచ్చేస్తే ఏదో కంగారు పడుతున్నట్టు కనిపిస్తుంది. ఒక పెట్టె చాలు. జవాబులు పొట్టిగా: ఎక్కడికి, ఎన్ని రోజులకి, ఎప్పుడు తిరిగి వస్తావు. ఏడాదిలో ఇన్నిసార్లే వెళ్లాలని రాసిపెట్టిన లెక్కేమీ లేదు. కానీ ఇక్కడికంటే అక్కడే ఎక్కువ రోజులు గడుపుతున్నావని రికార్డులో కనబడితే ప్రశ్నలు మొదలవుతాయి. నువ్వు కెనడాలో అడుగుపెట్టిన తేదీ అమెరికా వాళ్లకి చేరుతుంది, కాబట్టి రోజుల విషయంలో కాకిలెక్కలు చెప్పకు.

అన్నట్టు కరివేపాకు. మీ పెరట్లో కుండీలో పెంచిన రెమ్మలు అతనికి పట్టుకెళ్లావని విన్నాను. అది పోనివ్వరు. పళ్లూ మాంసం పచ్చళ్లూ ఏమున్నా అడిగినప్పుడు ఉన్నాయని చెప్పెయ్, తీసేసుకుంటే పోనీ.

పెళ్లి కాగితం దగ్గర మాత్రం నిర్లక్ష్యం వద్దు. ఆల్బమ్ వద్దన్నాను కానీ రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. నీ పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంది, అతని ఇంటిపేరు వేరు. మార్చుకోవాల్సిన పనేమీ లేదు, నేనూ మార్చుకోలేదు. కానీ ఇద్దరినీ కలిపే కాగితం అదొక్కటే. దాని విలువ నాకు కరోనాలో తెలిసింది. 2020 మార్చి 21న రెండు దేశాలూ అత్యవసరం కాని రాకపోకలు ఆపేశాయి. నేను డెట్రాయిట్ ఆసుపత్రిలో నర్సుని కాబట్టి రోజూ నది కింది టన్నెల్లోంచి వెళ్లొచ్చేదాన్ని. ఎప్పుడూ హారన్లు మోగే ఆ టన్నెల్లో ఒక్కోరోజు నా కారొక్కటే. కెనడా పౌరుల, పీఆర్‌ల భార్యాభర్తల్ని ఆ జూన్ 8 నుంచి రానిచ్చారు. పెళ్లి కాని జంటలు చాలావరకు అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. అటు పశ్చిమ తీరంలో సరిహద్దు మీదే ఉన్న పీస్ ఆర్చ్ పార్కులో జంటలు గుడారాలు వేసుకుని కలుసుకునేవి, పెళ్లిళ్లు కూడా అక్కడే చేసుకున్నారు. కెనడా వైపు నుంచి ఒక చిన్న కాలవ దాటితే పార్కు. రోడ్డు మీద అమెరికాలోకి వెళ్లే దారి మాత్రం 2021 నవంబర్ 8 దాకా తెరుచుకోలేదు. మా ఆసుపత్రిలో ఒకమ్మాయికి గుళ్లో పెళ్లయింది, రిజిస్టర్ చేయించుకోలేదు. ఆ కాగితం కోసం ఊళ్లో ఉన్న మామగారు ఆఫీసుల చుట్టూ తిరగడానికే రెండు నెలలు పట్టింది. మీది రిజిస్టర్ అయిందా? కాకపోతే ఈ నెలలోనే మీ నాన్నని ఆ పని మీద పెట్టు.

ఇక అబ్బాయికి. బాబూ, ప్రతిసారీ ఆవిడే ఎందుకు రావాలి? నువ్వు రా. కెనడా విజిటర్ వీసా వచ్చిందన్నావుగా. నీ భార్య ఇక్కడే ఉందని చెప్పినా కెనడా వాళ్లు దాన్ని మాత్రమే పట్టుకుని కాదనరు. మున్ముందు స్థిరపడే ఆలోచన ఉండి కూడా ఇప్పటికి చూడ్డానికి రావచ్చని ఇక్కడి చట్టంలోనే రాసుంది. నీ టెన్షన్ అంతా తిరిగి వెళ్లేటప్పుడు. పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంప్ గడువు అయిపోయిందని భయపడుతున్నావట. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఇంకా చెల్లుతుంటే, కెనడాలో ముప్ఫై రోజులు మించకుండా ఉంటే, పాత స్టాంప్‌తోనే తిరిగి వెళ్లొచ్చు. కానీ ఆ మధ్యలో కొత్త స్టాంపింగ్‌కి దరఖాస్తు పెట్టావంటే ఈ సౌకర్యం పోతుంది, అది గుర్తుపెట్టుకో. ఐ-94, ఐ-797 (హెచ్-1బీ ఆమోద పత్రం) ప్రింట్లు తీసి జేబులో పెట్టుకో, ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోకు. బోర్డర్ దాటాక ఇంటికెళ్లి ఐ-94లో తేదీ చూసుకో. పాస్‌పోర్ట్ గడువు ముందే అయిపోతుంటే చాలాసార్లు ఆ తేదీకే కుదించేస్తారు. అది చూసుకోక గడువు దాటి కూర్చున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు, ముగ్గురూ చదువుకున్నవాళ్లే.

నాకు మళ్లీ దారి దొరకడానికి ఏడాది పట్టింది. హెచ్-4 తీసుకున్నాను, తర్వాత కెనడా సిటిజన్ అయ్యాక టీఎన్ అనే అమెరికా ఉద్యోగ అనుమతి మీద పదిహేడేళ్లు నది దాటి ఉద్యోగం చేశాను. (టీఎన్ సిటిజన్లకే బుజ్జీ, పీఆర్‌కి ఇవ్వరు. నీకెవరో తప్పు చెప్పారు.) మీ పెదనాన్న కూడా చివరికి ఇటే వచ్చేశారు.

బోర్డర్‌లో ఇచ్చిన ఆ కాగితం ఫోటో ఇవాళే పంపు, రెండిట్లో ఏదో చదివి చెప్తాను. వచ్చే శుక్రవారం అబ్బాయిని ఇటు రమ్మను. నువ్వు వాటర్లూ నుంచి ఆఫీసయ్యాక బయల్దేరితే భోజనాల వేళకి విండ్సర్‌లో ఉంటావు. పై గది ఖాళీగానే ఉంది. కుక్కర్ ఇంకా పనిచేస్తోంది, గాస్కెట్ మాత్రం మార్చాను.

మీ పెద్దమ్మ