ఈల్స్ ఇంత ఘోరంగా ఆడాక మళ్లీ మెంబర్‌షిప్ కట్టాలా? 2018 సీజన్ చూసిన అనుభవంతో నా సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: సిడ్నీ పడమటి శివారు వెంట్‌వర్త్‌విల్‌కి కొత్తగా వచ్చారు, 2024లో పిల్లల సరదా కోసం పరమట్టా ఈల్స్ అనే ఇక్కడి రగ్బీ లీగ్ జట్టు మెంబర్‌షిప్ తీసుకున్నారు, ఏడాదంతా ఓటములే చూశారు. 17 జట్లలో 15వ స్థానం. మధ్యలో కోచ్‌ని కూడా తీసేశారు. మళ్లీ డబ్బు కట్టాలా, ఈ జట్టు బాగుపడే అవకాశం ఉందా అని అడిగారు.

కట్టమనే చెబుతాను. "అభిమాని అన్నాక కష్టంలోనూ తోడుండాలి" అని ఎవరైనా అంటారు, ఆ మాట మీకు పనికిరాదు. మీరు చూసినదానికంటే ఘోరమైన సీజన్ ఒకటి నేను దగ్గర నుంచి చూశాను, ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూశాను. అందుకే అది చెబుతాను.

మేము 2014లో వెస్ట్‌మీడ్‌లో దిగాం. నాకు అప్పటికి రగ్బీ అంటే ఒకటే ఆట. లీగ్ వేరు, యూనియన్ వేరు అని పక్కింటి పెద్దాయన కూర్చోబెట్టి చెప్పారు. లీగ్‌లో జట్టుకు 13 మంది. బంతి చేతిలో ఉన్నవాడిని ఆరుసార్లు పట్టి పడేసేలోపు (ఆ పట్టునే ట్యాకిల్ అంటారు) ట్రై కొట్టాలి, అంటే అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనించాలి, లేకపోతే బంతి అవతలి వాళ్లకి పోతుంది. ట్రైకి 4 పాయింట్లు, ఆ తర్వాత గోల్ పడితే ఇంకో 2. నాకు మాత్రం ఆట అర్థమైంది కబడ్డీ వల్ల. ఒకడు నడుము పట్టుకుంటే ఇంకొకడు కాళ్లు పట్టుకుని కూలదోయడం, పట్టు సడలితే మనిషి జారిపోవడం చిన్నప్పటి నుంచి చూసినదే కదా. ఈల్ అంటే మన వైపు మలుగు అంటామే, ఆ పాములాంటి చేప. పరమట్టా అనే పేరే ఇక్కడి ఆదివాసుల భాషలో ఆ చేపలుండే చోటు అనే మాట నుంచి వచ్చిందంటారు.

ఆ పెద్దాయన 1981, 82, 83, 86 ట్రోఫీలన్నీ చూసిన మనిషి. 1981లో మొదటిసారి గెలిచిన రాత్రి అభిమానులు ఆనందం పట్టలేక సొంత మైదానం కంబర్‌లాండ్ ఓవల్‌నే తగలబెట్టారు. 1986 ఫైనల్ 4–2తో గెలిచారు, రెండు వైపులా ఒక్క ట్రై లేదు. ఆ తర్వాత ఇప్పటివరకు మళ్లీ ట్రోఫీ లేదు. మా అబ్బాయి ఆయన్ని తాతా అని పిలిచేవాడు. ఆ పిలుపు ఆయనకి చాలా ఇష్టం.

ఇక 2018. ముందు ఏడాది ఈల్స్ నాలుగో స్థానంలో ముగించారు. 2016లో జీతాల పరిమితి దాటినందుకు లీగ్ పట్టికలో 12 పాయింట్లు కోత పడిన క్లబ్ అది. అక్కడి నుంచి ఒక్క ఏడాదిలో నాలుగో స్థానానికి రావడంతో, ఈసారి కప్పు మనదేనని మా వీధి వీధంతా అనుకుంది. మైదానం అంచున, అంటే వింగ్‌లో, ట్రైల మీద ట్రైలు కొట్టే సెమీ రండ్రండ్ర ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. మోకాలి లిగమెంట్ తెగిన క్లింట్ గదర్సన్ ఇంకా కోలుకుంటున్నాడు. ఆ రెండు ఖాళీలూ ఎంత పెద్దవో మాకెవరికీ అప్పుడు తట్టలేదు.

మొదటి మ్యాచ్ పెన్‌రిత్ మీద 24–14తో పోయింది. సరే, మొదటిదే కదా అనుకున్నాం. రెండోది మార్చి 18, ఆదివారం, మ్యాన్‌లీ వాళ్ల మైదానంలో. ఆ రోజు సిడ్నీలో ఎండ మన రోహిణి కార్తెను గుర్తుచేసింది. పెద్దాయన ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని టీవీలో చూశాం. 54–0. ట్రై, గోల్ కలిపి ఆరు చొప్పున తొమ్మిదిసార్లు కొట్టినంత. సగం అయ్యేసరికి మా వాడు లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. నేనూ టీవీ ఆపేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

అయిపోయాక ఆయన లేచి వంటింట్లోకి వెళ్లారు. ఫ్రిజ్ మీద ఇళ్ల బ్రోకర్లు ఇచ్చే ఉచిత కాలెండర్ ఒకటి అయస్కాంతంతో అంటించి ఉంటుంది. దానికి దారంతో కట్టిన చిన్న పెన్సిల్. ఆదివారం గడిలో 0–54 అని రాశారు. ముందు వారం గడిలో 14–24 ఎంత సైజులో ఉందో ఇదీ అంతే సైజులో, అంతే నిదానంగా. గట్టిగా నొక్కి రాయలేదు, గీత కింద గీత కొట్టలేదు. తర్వాత మాకు నిమ్మకాయ రసం కలిపి ఇచ్చారు. ఇప్పటికీ ఆ సీజన్ అనగానే నాకు మైదానం కంటే ముందు ఆ గడి కళ్ల ముందుకొస్తుంది.

ఆ తర్వాతి గడులు వరుసగా చెబుతాను, ఎందుకంటే నా జవాబు వాటిలోనే ఉంది. క్రొనల్లా మీద 4–14. ఈస్టర్ సోమవారం వెస్ట్స్ టైగర్స్ మీద 20–30. మళ్లీ పెన్‌రిత్ మీద 6–12. కాన్‌బెర్రాలో 2–18. ఆరు ఆడితే ఆరూ ఓటమే. మనం కొట్టినవి కూడితే మొత్తం 46 పాయింట్లు. కానీ రెండో వైపు అంకెలు చూడండి. 14, 12, 18. మ్యాన్‌లీ మ్యాచ్ పక్కన పెడితే అవతలి జట్లు కూడా కుమ్మేయలేదు. మనవాళ్ల పట్టు ఉంది, పరుగూ ఉంది. ట్రై గీత దగ్గరికి వెళ్లాక ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. బంతిని నడిపించాల్సిన హాఫ్‌లు మిచెల్ మోజెస్, కోరీ నార్మన్. ఇద్దరూ మంచి ఆటగాళ్లే, కానీ ఐదో ట్యాకిల్ వచ్చేసరికి బంతిని ఎవరు తన్నాలో ఇద్దరికీ స్పష్టత లేనట్టు కనిపించేది. స్టాండ్‌లో కూర్చున్న మాకే తెలిసిపోయేది, ఇప్పుడు ఏదో కంగారు కిక్ కొడతారని.

ఇంకొకటి కూడా ఉంది. మీరు ఇప్పుడు వెళ్లే పరమట్టా స్టేడియం అప్పుడు లేదు. పాతది 2017లో పడగొట్టేశారు, కొత్తది కడుతున్నారు. హోమ్ మ్యాచ్‌లు చాలావరకు ఒలింపిక్ పార్క్‌లోని ఏఎన్‌జెడ్ స్టేడియంలో. 80 వేలకు పైగా పట్టే గిన్నె అది. అందులో మేము కొద్దిమంది నీలం, పసుపు చొక్కాలతో అక్కడక్కడ అతుక్కుని ఉండేవాళ్లం. మనం అరిచిన అరుపు మనకే తిరిగి వినపడేది. లిడ్‌కమ్‌లో రైలు మారి, రాత్రిపూట నిద్రపోతున్న పిల్లాడిని భుజాన వేసుకుని వెస్ట్‌మీడ్‌లో దిగేటప్పుడు, ఎందుకొచ్చిన తిప్పలు అని చాలాసార్లు అనిపించింది. అయితే నిజం నిజమే. 2017లో నాలుగో స్థానం వచ్చిందీ ఆ మైదానంలో ఆడే. కాబట్టి సొంతగడ్డ లేకపోవడం వల్లే ఓడిపోయారనే వాదన నేను ఒప్పుకోను.

ఏడో మ్యాచ్ మళ్లీ మ్యాన్‌లీతోనే పడింది. ఈసారి మన హోమ్. మా ఆయన "ఇంకా వెళ్తారా?" అని ఆశ్చర్యపోయారు. నేనూ, మా వాడూ, పెద్దాయనా వెళ్లాం. 44–10తో గెలిచాం. ఆరు మ్యాచ్‌ల్లో కలిపి 46 కొట్టిన జట్టు, ఐదు వారాల కిందట 54 పాయింట్లతో చితక్కొట్టిన జట్టు మీదే, ఒక్క రోజున 44 కొట్టింది. ఆ రోజు ఆట చూసినవాళ్లకి ఈ జట్టు చేతగానిది కాదని తెలిసింది. అలాగని సీజన్ గట్టెక్కలేదు. మొదట్లో పోయిన ఆరు మెడకు బండలా వేలాడాయి. దగ్గరికొచ్చిన మ్యాచ్‌లూ చేజారాయి. చివరికి 24 ఆడి 6 గెలిచి 18 ఓడి, 16 జట్లలో ఆఖరున నిలిచారు. ఇక్కడ దాన్ని వుడెన్ స్పూన్, అంటే చెక్క చెంచా అంటారని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. సోమవారం బడిలో మా వాడికి స్కేలు చూపించి "ఇదిగో మీ చెంచా" అని ఏడిపించారు. ఇంటికొచ్చి చొక్కా తీసి మంచం కింద పడేశాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు అందరూ కోచ్ బ్రాడ్ ఆర్థర్ తల కావాలన్నారు. క్లబ్ ఆయన్ని తీసేయలేదు. నార్మన్ వెళ్లిపోయాడు. జూనియర్ పాలో, బ్లేక్ ఫెర్గూసన్ వచ్చారు. మైకా సివో అనే ఫిజీ కుర్రాడు 2019లో అరంగేట్రం చేసి ఆ ఏడాది లీగ్‌లోనే ఎక్కువగా 22 ట్రైలు కొట్టాడు. అంటే రండ్రండ్ర వదిలిన ఖాళీ నిండింది, నడిపించే బాధ్యత మోజెస్ మీద స్పష్టంగా పడింది. జబ్బు ఎక్కడుందో అక్కడే మందు వేశారు. 2019 ఈస్టర్ సోమవారం కొత్త స్టేడియంలో మొదటి మ్యాచ్. ప్రత్యర్థి మళ్లీ అదే వెస్ట్స్ టైగర్స్. 51–6. ఆ సెప్టెంబర్‌లో, సీజన్ చివర పై జట్లు ఆడే ఫైనల్స్‌లో బ్రిస్బేన్ మీద 58–0. కిందటేడు గడిలో 0–54 రాసిన ఆ చేతులే ఇదీ రాశాయి, అదే సైజులో. 2022లో ఏకంగా కప్పు తేల్చే గ్రాండ్ ఫైనల్‌కి వెళ్లాం. పెన్‌రిత్ చేతిలో 28–12తో ఓడిపోయాం. ఆ బాధ వేరే కథ.

ఇప్పుడు మీ 2024 సంగతి. దీన్ని 2018తో పోల్చి "అప్పుడు లేచారు కాబట్టి ఇప్పుడూ లేస్తారు" అంటే మిమ్మల్ని మోసం చేసినట్టే. రెండూ ఒకే జబ్బు కాదు. 2018లో కొట్టలేకపోయారు. 2024లో ఆపలేకపోయారు. సీజన్ మొదట్లోనే మోజెస్ పాదానికి గాయమై వారాల తరబడి లేడు, అది పెద్ద దెబ్బే. అయినా పాయింట్లు వచ్చాయి. ఆఖరి మ్యాచ్‌లో చెంచా ఎవరికో తేల్చే రోజున టైగర్స్ మీద 60 కొట్టారు కదా, ఆ రోజు కూడా 26 ఇచ్చుకున్నారు. 60 కొట్టిన ఆనందంలో నేను ఆ 26ని మర్చిపోలేకపోయాను. వరుసగా ట్యాకిల్స్ చేశాక నాలుగోసారి లేచి రక్షణ వరుసలోకి రావడానికి కాళ్లు రావాలి, మనసూ రావాలి. 2018 జట్టుకి అది ఉంది. 2024 జట్టులో చాలా రోజులు నాకు అది కనిపించలేదు. దాడి సరిచేయడం కంటే ఇది సరిచేయడం కష్టమని నా అభిప్రాయం.

2014 నుంచి ఉన్న ఆర్థర్‌ని మే నెలలో పంపేయడం నాకు బాధ కలిగించింది. కానీ తప్పు అనలేను. ఒకే గొంతు పదేళ్లు విన్నాక మాట చెవికెక్కని రోజు వస్తుంది. 2025కి కొత్త కోచ్‌గా జేసన్ రైల్స్ వచ్చాడు. గదర్సన్ కూడా డ్రాగన్స్ జట్టుకి వెళ్లిపోయాడు. మా వాడి గోడ మీద ఇంకా అతని బొమ్మే ఉంది. ఇన్ని మారాక వెంటనే ఫైనల్స్ అని ఆశ పెట్టుకోవద్దు. మ్యాచ్‌కి వెళ్లినప్పుడు మీరు స్కోరు కంటే ఒకటి గమనించండి: మనవాళ్లు బంతి జారవిడిచిన తర్వాతి ఆరు ట్యాకిల్స్. ఆ ఆరింటిలో అందరూ లేచి పరుగెత్తుతుంటే జట్టు దారిలో పడ్డట్టే, ఆ రోజు ఓడినా సరే. చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడితే, ఆ రోజు గెలిచినా నమ్మకండి.

పెద్దాయన ఇప్పుడు సెంట్రల్ కోస్ట్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. స్కోర్లు రాసే పని నాకొచ్చింది. మా ఫ్రిజ్ మీద ఉండేది తెలుగు కాలెండర్. తిథి, వర్జ్యం, రాహుకాలం పోగా మిగిలిన కాస్త చోటులో పెన్సిల్‌తో రాస్తాను. ఆదివారం రాత్రి ఆయనకి ఫోన్ చేసి చదివి వినిపిస్తాను.

మెంబర్‌షిప్ విషయానికొస్తే, పిల్లలతో వెళ్తారు కాబట్టి అన్ని మ్యాచ్‌లదీ కాకుండా కొన్ని మ్యాచ్‌లదే తీసుకోండి. సీట్లు పడమటి స్టాండ్‌లో చూసుకోండి, మార్చిలో మధ్యాహ్నం మ్యాచ్ పడితే తూర్పు వైపు ఎండ మొహాన కొడుతుంది. కారు వద్దు. పరమట్టా స్టేషన్ నుంచి నడవచ్చు. లేదా 2024 డిసెంబర్‌లో మొదలైన లైట్ రైల్ వెస్ట్‌మీడ్‌లో ఎక్కి ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ స్క్వేర్‌లో దిగితే కొద్ది దూరమే. గేటు దగ్గర కనిపిస్తే పలకరించండి. మా వాడు ఇప్పుడు నాకంటే పొడుగు, మంచం కింద పడేసిన ఆ చొక్కా ఇప్పుడు మా చెల్లెలి కొడుకు వేసుకుంటున్నాడు.