కత్తికి ఒర: మీరడిగారు, మేం చెప్తున్నాం

పోయిన నెల చేత్తో కుట్టే తోలు ఒరల గురించి రాస్తే మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి ప్రశ్నలు బాగానే వచ్చాయి. అన్నిటికీ చోటు లేదు, నాలుగు తీసుకున్నా.

ప్ర: మాస్టారూ, మా ఊరి కమ్మరి చేసిన ఇనప కత్తికి పాత సోఫా తోలుతో ఒర కుట్టేను. అది గుడ్డసంచిలా వేలాడిపోతంది, రెండు వారాలకే కత్తికి తుప్పు కూడా పట్టీసింది. నేను చేసిన తప్పేటి?
— ఎలక్ట్రీషియన్, గుణుపురం

జ: తప్పు మీది కాదు, సోఫాది. సోఫాలు, జాకెట్లు, బ్యాగులకి వాడేది ముప్పాతిక వంతు క్రోమ్ తోలే, అంటే క్రోమియం లవణాలతో శుద్ధి చేసింది. ముట్టుకుంటే మెత్తగా హాయిగా ఉంటుంది కానీ తడిపి ఎంత నొక్కినా ఆకారం పట్టదు, పైగా లోపల మిగిలిన లవణాలకి కాస్త చెమ్మ తోడైందంటే ఇనుముని తినేస్తాయి. ఒరకి కావల్సింది వెజ్ టాన్ తోలు. పేరు కొత్తదే గానీ సరుకు పాతదే, మన పక్క తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోళ్ళు ఊనేవాళ్ళు కదా, అదే పద్ధతి. ఏది ఏదో తెలియాలంటే చిన్న ముక్క కాల్చి చూడమని కొందరు చెప్తారు, ఆ పొగ పీల్చడం మంచిది కాదు, నేనైతే వద్దంటా. బ్లేడుతో అంచు కోసి చూడండి, మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు పొర కనిపిస్తే క్రోమ్, మొత్తం లేత గోధుమ రంగే ఉంటే వెజ్ టాన్. రంగేసిన తోలైతే అనుమానం తీరదు, అప్పుడు ఒక నీటిచుక్క వెయ్యండి, వెజ్ టాన్ అయితే చుక్కని మెల్లగా తాగేసి అక్కడ ముదురు రంగుకి వస్తుంది.

మందం 3 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. మేకతోలు పర్సులకి బాగుంటుంది, ఒరకి చాలదు, గేదె తోలు చూసుకోండి. బజార్లో చమడా (ఒడియాలో తోలు) అని అడిగితే చెప్పుల షాపుకి పంపిస్తారు, మీవాళ్ళెవరైనా మద్రాసు వెళ్తుంటే పెరియమేట్ తోలు బజార్ నుంచి ఒక ముక్క తెమ్మనండి.

ప్ర: అన్నా, యూట్యూబ్ చూసి రెండు పొరలు కలిపి కుట్టాను, చాలా బాగా వచ్చింది, ఫ్రెండ్స్ అందరికీ చూపించాను కూడా. నాలుగోసారి కత్తి తీస్తుంటే దారం తెగి పక్కంతా విడిపోయింది. దారం మందంది కొనాలా?
— డిగ్రీ స్టూడెంట్, పర్లాకిమిడి

జ: తమ్ముడూ, దారం తాడంత కొన్నా తెగుతుంది, ఎందుకంటే కత్తి అంచు సరిగ్గా దారం మీదే కూర్చుంటోంది. నాదీ ఇదే కథ. మొదటి ఒర ఇలాగే కుట్టి, తీసి పెట్టి తీసి పెట్టి మురిసిపోతుంటే ఒకరోజు కుట్టు విడిపోయి అంచు బయటికొచ్చి బొటనవేలు కోసేసింది, మూడు కుట్లు పడ్డాయి, ఒరకి కాదు, నాకు! ఆ ఒర ఇప్పటికీ మేకుకి వేలాడుతూనే ఉంది, మా ఆవిడ పారెయ్యనివ్వదు.

నీకు కావల్సింది వెల్ట్, అంటే రెండు పొరల మధ్య పెట్టే సన్నటి తోలు పట్టీ. అలుగు పదునువైపు పొడుగునా, మొన దాకా, దాదాపు ఒక సెంటీమీటర్ వెడల్పున అదే తోలు ముక్క కోసి పెట్టి, గమ్ రాసి మూడూ అంటించి, ఆరాక ఎమరీ పేపర్‌తో అంచు మొత్తం సాపు చేసి, అప్పుడు మొదలుపెట్టు కుట్టు. కుట్టులైను బయటి అంచుకి 4 మిల్లీమీటర్ల లోపలికి రావాలి, అప్పుడు కత్తి అంచు వచ్చి పట్టీని తగులుతుంది, దారం జోలికి వెళ్ళదు. కన్నాలు సమాన దూరంలో పడాలంటే పాత ఫోర్కుతో లైను పొడుగునా నొక్కుకుంటూ వెళ్ళు, ఆ గుర్తుల మీద ఆరెతో (చెప్పులు కుట్టేవాళ్ళు కన్నాలు పొడిచే పనిముట్టు) పొడువు. మూడు పొరలు కదా, ఆరె దిగకపోతే చిన్న డ్రిల్ బిట్ వాడినా పాపం లేదు.

కుట్టు మాత్రం మిషన్ కుట్టు వద్దు. ఒకే దారం, రెండు చివర్లా రెండు సూదులు, ప్రతి కన్నంలోంచి రెండూ ఎదురెదురుగా దూరాలి. మిషన్ కుట్టులో ఒకచోట తెగితే వరసగా ఊడిపోతుంది, దీంట్లో ఒక వైపు తెగినా రెండో వైపు దారం పట్టుకునే ఉంటుంది. మూడు పొరల మందం కాబట్టి దారం పొడుగు కుట్టులైనుకి ఆరేడింతలు తీసుకో, తేనెమైనం పట్టించు. ఇది వీడియో చూస్తే అర్థమవుతుంది గానీ చేతికి రాదు. మా రాయగడలో చెప్పులు కుట్టే పెద్దాయన పక్కన నాలుగు సాయంత్రాలు కూర్చున్నాక గానీ ప్రతి కుట్టూ ఒకే బిగువున లాగాలని నా చేతికి తెలియలేదు. మీ ఊళ్ళోనూ అలాంటి మనిషి ఉంటాడు, టీ తాగించి అడుగు.

ప్ర: సార్, తోలు తడిపి కత్తి చుట్టూ నొక్కి ఆరబెట్టాను. తెల్లారి చూస్తే ఒర మీద నల్లటి మరకలు, సబ్బుతో కడిగినా పోవట్లేదు. బూజా? కత్తికి మా అత్తగారి ఊరు పర్లాకిమిడిలో చేసిన కొమ్ము పిడి ఉంది, అది కూడా కొంచెం వంగినట్టు అనిపిస్తోంది.
— గృహిణి, రాయగడ

జ: బూజు కాదమ్మా, ఇనుము. వెజ్ టాన్ తోల్లో ఉండే టానిన్‌కి (చెక్క, కరక్కాయల్లోని వగరు పదార్థం) తడిలో ఇనుము తగిలితే నల్లగా మారిపోతుంది. కలంకారీ వాళ్ళు గుడ్డకి కరక్కాయ పట్టించి, దాని మీద బెల్లం, ఇనుము ఊరబెట్టిన నీళ్ళతో నల్ల గీతలు గీస్తారే, సరిగ్గా అదే మీ ఒర మీద జరిగింది, కాకపోతే మీరడక్కుండా! మరక లేతగా ఉంటే నిమ్మరసం రుద్ది మంచినీళ్ళతో తుడవండి, చాలావరకు పోతుంది. లోపలికి దిగిపోతే మాత్రం ఒర మొత్తం ముదురు రంగు వేసేసుకోండి, ఎవరికీ తెలీదు.

ఈసారి తడిపే ముందు కత్తిని పిడితో సహా పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టండి. పర్లాకిమిడి కొమ్ము పని అంటే పేరున్న పనే గానీ కొమ్ము నీళ్ళు పీల్చి వంగుతుంది, దాన్ని అసలు తడవనివ్వకూడదు. తోలుని మామూలు నీళ్ళలో బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి, నీరు కారిపోయాక బొటనవేళ్ళతో, చెంచా వెనకవైపుతో పిడి చుట్టూ నొక్కండి. ఆకారం వచ్చాక కత్తి తీసేసి ఫ్యాను కింద నీడన రెండు రోజులు. ఎండలో పెడితే అప్పడంలా వంకర్లు తిరుగుతుంది, పెళుసెక్కుతుంది.

ప్ర: ఒర అయిపోయింది. కత్తి అందులోనే పెట్టి బీరువాలో దాచుకోవచ్చా? బస్సులో తీసుకెళ్తే పోలీసులు పట్టుకుంటారా?
— బ్యాంకు ఉద్యోగి, బరంపురం

జ: దాచొద్దు. చెప్పులు వేసుకుని పడుకుంటామా? బయటికెళ్ళినప్పుడే ఒర. మీది సముద్రపు గాలి కూడాను, వెజ్ టాన్ అయినా చెమ్మ పట్టి ఉంచుతుంది, ఇనుముకి తుప్పు, తోలుకి బూజు, రెండూ గ్యారంటీ. కత్తికి కొబ్బరినూనె పల్చగా రాసి విడిగా పెట్టండి.

ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడుగు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగు ఉంటే ఆయుధమేనని ఒక లెక్క ఉంది, ఇంటికి, వ్యవసాయానికి చేసినవాటిని దాన్నుంచి మినహాయించారు. అలాగని కూరగాయల కత్తిని బెల్టుకి కట్టుకుని బస్టాండులో తిరగమని కాదు, బ్యాగు అడుగున పెట్టుకోండి. రైలెక్కేటట్టయితే ఖాళీ ఒర ఒక్కటే పట్టుకెళ్ళండి.