మేనల్లుడు పోయాడు, మేనకోడలిని ఎలా తెచ్చుకోవాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మా తమ్ముడు మూడేళ్ల క్రితం చనిపోయాడు. అతని భార్య ఇద్దరు పిల్లలతో పక్క జిల్లాలో మరొకరితో కలిసి ఉంటోంది. నాలుగేళ్ల మా మేనల్లుడిని ఆ వ్యక్తి కొడుతున్నాడని పొరుగింటాయన పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేశారు. సిబ్బంది వచ్చి, ఒంటిమీద వాతలు చూసి, ఇకపై కొట్టబోమని ఇద్దరితో కాగితం రాయించుకుని వెళ్లిపోయారు. రెండు నెలలకు బాబు చనిపోయాడు. మెట్ల మీద నుంచి పడ్డాడన్నారు. పోస్టుమార్టంలో ఎముకలు గతంలో విరిగి అతుక్కున్న ఆనవాళ్లు కూడా బయటపడ్డాయి. ఇప్పుడు ఇద్దరూ జైల్లో ఉన్నారు. ఏడేళ్ల మేనకోడలిని ఆ వ్యక్తి తల్లి తన దగ్గర ఉంచుకుంది, పంపమంటే పంపడం లేదు. ఆ సిబ్బందిపై హత్య కేసు పెట్టవచ్చా? పాపను నేను తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. బాబు కేసు చూడటానికి పోలీసులున్నారు, ప్రాసిక్యూటర్ ఉంటారు. పాప తరఫున ఈ రోజుకు ఎవరూ లేరు.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 2(14) అని ఒకటుంది. ఎలాంటి పిల్లలకు ప్రభుత్వ రక్షణ, సంరక్షణ అవసరమో అందులో వరుసగా చెప్పారు. తనతో ఉంటున్న మనిషి మరో బిడ్డను చంపి ఉండి, తనకూ ఆ ముప్పు ఉన్న బిడ్డను అందులో ప్రత్యేకంగా చేర్చారు. మీ మేనకోడలిని చూసి రాసినట్టే ఉంటుంది ఆ మాట. అతను జైల్లో ఉన్నాడు కదా, ఇంకేం ముప్పు అని అవతలివారు అనవచ్చు. బెయిలు వస్తే అతను తిరిగి వచ్చేది ఆ తల్లి ఇంటికే అని మీరు చెప్పాలి. పైగా బిడ్డను చూసుకునే స్థితిలో కన్నతల్లి లేకపోవడం కూడా అదే సెక్షన్‌లో మరో కారణం. అతని తల్లికి పాపపై చట్టప్రకారం ఏ హక్కూ లేదు.

అలాగని నలుగురు బంధువులను వెంటేసుకుని కారులో వెళ్లి పాపను ఎత్తుకురాకండి. మర్నాడు మీమీద కిడ్నాప్ ఫిర్యాదు పడుతుంది. పాప ప్రస్తుతం ఉన్న జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. న్యాయవాది లేకపోయినా ఫరవాలేదు. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండే ఈ కమిటీకి ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలున్నాయి, పాపను తమ ముందుకు తీసుకురమ్మని పోలీసులను ఆదేశించగలదు. కమిటీ నెలకు కనీసం 20 రోజులు సమావేశం కావాలి. మీరు వెళ్లిన రోజు సమావేశం లేకపోతే ఎవరైనా ఒక సభ్యుడి ముందు బిడ్డను హాజరుపరచినా చెల్లుతుంది.

పాప ఇంటి పరిస్థితులపై చేసే సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి. ఈలోగా పాపను కొన్నాళ్లు బాలసదనంలో ఉంచవచ్చు. అది మీకు నచ్చదని తెలుసు. అయినా ఆ ఇంట్లో ఉండటం కంటే అదే నయం. తగిన సంరక్షకురాలిగా తాత్కాలికంగా మీకే అప్పగించమని మొదటి రోజే కోరండి. మీరు గుంటూరులో ఉన్నారు కాబట్టి ఇక్కడి జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు మీ ఇల్లు, ఆదాయం, ఇంట్లో ఎవరెవరు ఉంటారన్నది చూసి నివేదిక పంపుతారు. మీ భర్త సమ్మతిని ఒక కాగితం మీద రాయించి ఉంచండి. చాలామంది ఇక్కడే తడబడతారు. మేనత్త ప్రేమ ఎంత ఉన్నా, ఇంట్లో రెండో మనిషి ఏమంటారన్నదే అధికారులు ముందు అడుగుతారు. పాపను కూడా అడుగుతారు. ఆమెకు ఏమీ నేర్పి పంపకండి.

అర్హత ఉంటే పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ అందుతుంది, మొహమాటపడకుండా అడగండి. కమిటీ ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో బాలల న్యాయస్థానంలో అప్పీలు చేయవచ్చు. శాశ్వత సంరక్షకత్వం కోసం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయాల్సి ఉంటుంది, కానీ అది తర్వాతి పని.

తొందరపడమనడానికి ఇంకో కారణం ఉంది. ఆ ఇంట్లో ఏం జరిగిందో చూసిన వ్యక్తి ఆ పాపే కావచ్చు. ఏడేళ్ల పిల్లయినా ప్రశ్న అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే సాక్ష్యం చెల్లుతుంది. అలాంటి సాక్షి నిందితుడి తల్లి చేతిలో ఉంది! బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 183 కింద మేజిస్ట్రేట్ ముందు పాప వాంగ్మూలం నమోదు చేయించమని దర్యాప్తు అధికారికి, జిల్లా ఎస్పీకి లేఖ ఇవ్వండి. సాక్షుల రక్షణ పథకం కింద భద్రత కూడా కోరండి. అరెస్టయి 90 రోజులు దాటినా చార్జిషీటు పడకపోతే నిందితులకు బెయిలు హక్కుగా వస్తుంది, ఆ తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. బెయిలు పిటిషన్‌లో బాధితుల మాట కూడా వినాలని 2022లో సుప్రీంకోర్టు జగ్‌జీత్ సింగ్ కేసులో చెప్పింది. పాప తరఫున అక్కడ కూడా అభ్యంతరం చెప్పండి.

ఇక సిబ్బంది సంగతి. వాళ్లపై హత్య కేసు నిలబడదు. చంపాలన్న ఉద్దేశం కానీ, చావుకు దారితీసిన చర్య కానీ వాళ్లవైపు లేదు. నిర్లక్ష్యం వల్ల మరణం అనే నేరానికి కూడా చావుతో నేరుగా ముడిపడిన కారణం కావాలంటాయి కోర్టులు. మధ్యలో మరో మనిషి చేసిన దాడి ఉండగా అది రుజువు కావడం కష్టం. ఆ పైన ప్రభుత్వ ఉద్యోగులంటే విచారణకు ముందస్తు అనుమతి అడ్డు, సద్భావంతో చేశామన్న వాదన మరో అడ్డు.

వాళ్ల తప్పు లేదని నేను అనడం లేదు. మన దగ్గర ఏ తగాదాకైనా ఇరుపక్షాలను కూర్చోబెట్టి కాగితం రాయించడం అలవాటు. పొలం గట్టు గొడవకు అది సరిపోతుందేమో. నాలుగేళ్ల పిల్లవాడు ఏ పక్షమని సంతకం పెడతాడు? ఒంటిమీద దెబ్బలు కళ్లారా చూశాక బిడ్డను 24 గంటల్లో కమిటీ ముందు పెట్టాలి. పర్యవేక్షణ పెట్టి తల్లి దగ్గరే ఉంచాలా, వేరే చోటికి పంపాలా అన్నది జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 37 కింద కమిటీ తేల్చాలి, ఇంటికి వచ్చిన ఉద్యోగి కాదు. సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టడమే అదే చట్టం సెక్షన్ 75 కింద మూడేళ్ల వరకు శిక్ష పడే నేరం. ఆ రోజు దాని కిందైనా పోలీసులకు తెలియజేశారా అన్నది అడగదగిన ప్రశ్న. ప్రతి కేసులో హాజరుపరచి తీరాలని చట్టంలో లేదని వాళ్ల న్యాయవాది వాదిస్తాడు. వాదించనివ్వండి, మీ దగ్గర పత్రాలు ఉంటే చాలు.

1098కు ఫోన్ చేసిన పొరుగింటాయన ఆ తేదీ, సమయం తన ఫోనులోంచి తీసి దర్యాప్తు అధికారికి ఇవ్వాలి. సిబ్బంది తనిఖీ నివేదిక, ఆ హామీపత్రం కేసు డైరీలో చేరేలా చూడండి. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, అయితే దర్యాప్తు సాగుతోందని తిరస్కరించే అవకాశం ఉంది. తర్వాత ఆ జిల్లా కలెక్టర్‌కు, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఫిర్యాదు చేయండి. శాఖాపరమైన చర్యకు అదే దారి. అమరావతిలోని హైకోర్టులో పరిహారం కోసం రిట్ వేయవచ్చు కానీ ఆశ ఎక్కువ పెట్టుకోకండి. ఇలాంటి పరిహారానికి ఆధారంగా చూపే 1993 నాటి సుప్రీంకోర్టు నీలబతి బెహరా తీర్పు పోలీసు కస్టడీలో పోయిన ప్రాణం గురించి. మీ బాబు ప్రభుత్వ సంరక్షణలో లేడు. బాధితుల పరిహార పథకం కింద దరఖాస్తుకు మాత్రం ఆలస్యం చేయవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

మీరు అడగని విషయం ఒకటి. మీ తమ్ముడికి పొలమో ఇల్లో ఉండి ఉంటే అందులో బాబుకు వాటా ఉంది. మామూలుగా అది తల్లికి పోతుంది. హత్యలో ఆమెకు పాత్ర ఉందని రుజువైతే హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 25 ప్రకారం ఆమెకు రాదు, అక్క అయిన పాపకు వస్తుంది. నేను ఎవరినీ అనుమానించడం లేదు, కానీ పాస్‌బుక్, దస్తావేజుల నకళ్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

మీ ఉత్తరంలోని పిల్లల పేర్లు, పాప చదివే బడి పేరు నేను తీసేశాను. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం బాధితులైన, సాక్షులైన పిల్లల వివరాలు బయటపెట్టడం నేరం. న్యాయం కావాలంటూ బంధువులు వాట్సాప్‌లో తిప్పుతున్న ఇద్దరు పిల్లల ఫొటోను కూడా ఈ రోజే తీసేయించండి.